తెల్ల తీగల వైకుంఠ రథం

రేవుపాలెంలో చెత్త బండి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నీళ్ళ బండి అసలు వస్తుందో రాదో తెలియదు. పిలవగానే వచ్చే పురపాలక సంఘం వారి బండి ఆ ఊళ్ళో ఒక్కటే, వైకుంఠ రథం. బతికి ఉన్నంతకాలం మనిషికి చేయలేకపోయిన సేవ ఆ తరవాతైనా శ్రద్ధగా చేస్తారని ఊళ్ళో అందరూ ఒప్పుకునేవారు.

ఆ బండి డ్రైవరు అమ్మిరాజు. తెల్లవారకముందే స్నానం చేసి, నుదుట నిలువు బొట్టు పెట్టుకుని, డాష్‌బోర్డు మీదున్న చిన్న పటానికి అగరొత్తి వెలిగించి, అప్పుడు గానీ తాళం తిప్పేవాడు కాదు. తాళం తిప్పగానే స్టీరియో గోవింద నామాలు అందుకునేది. మనిషి పోయేటప్పుడు చెవిన దేవుడి పేరు పడాలి, ఏడుపుల్లో పడి ఇంట్లోవాళ్ళు మరిచిపోతే బండయినా గుర్తు చెయ్యాలి అని అతని నమ్మకం. అతనికి తెలిసిన శాస్త్రం అంతవరకే.

అమ్మిరాజు ఇంటికి రెండిళ్ళ అవతల మంగతాయమ్మ గారుండేది. వీధి మొత్తానికీ ఆవిడ మామ్మగారే. ఎనభై దాటిన మనిషి. గుండె నీరసంగా ఉందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ, ఊరికి బయల్దేరే మనిషి సామాను సర్దుకున్నట్టు ఒక్కొక్క పనీ ముగించుకుంటూ వస్తోంది. ఒకరోజు అమ్మిరాజుని అరుగు మీద కూర్చోబెట్టి పెసరట్టు చేతికిచ్చింది.

"ఒరే అమ్మిరాజూ, నన్ను నువ్వే కదా తీసుకెళ్ళేది?"

"అవేం మాటలండి మామ్మగారూ!"

"ఉన్న మాటే. నాకోసం గోవింద నామాలు పెట్టాలి. కానీ సన్నగా పెట్టు. మొన్న ఎదురింటాయన్ని తీసుకెళ్ళేటప్పుడు ఎంత గట్టిగా పెట్టావురా! లేచి కూర్చుంటాడేమో అని హడలిపోయాను. నాకు మోత పడదు. మాటివ్వు."

నోట్లో పెసరట్టుతోనే అమ్మిరాజు మాటిచ్చాడు.

ఆ ఏడు ముసురు పట్టినప్పుడు బండి అద్దం సందులోంచి నీళ్ళు కారి, స్టీరియో తడిసి, రెండుసార్లు గరగరమని ఊరుకుంది. ఇంకో ఊళ్ళో అయితే ఇందులో కథేమీ లేదు. రేవుపాలెంలో మాత్రం ఒక తీర్మానం ఉంది. అంతకు ముందెప్పుడో పాట లేకుండా బండి వెళ్ళిన రోజున, మా పెద్దాయన్ని దొంగతనంగా తరలించినట్టు తీసుకుపోయారని ఒక కుటుంబం పోట్లాటకొచ్చింది. దాంతో "ధ్వని లేనిదే వాహనము కదలరాదు" అని కౌన్సిల్ తీర్మానించింది. ఆ ప్రకారం స్టీరియో ఊరుకున్న రోజు నుంచీ రథమూ ఊరుకుంది. పోయినవాళ్ళను పక్క ఊరి బండిలో తీసుకెళ్ళసాగారు. అది చేపల మార్కెట్టుకి కూడా తిరిగే బండి.

అమ్మిరాజు కమిషనరు గారి దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కొత్త స్టీరియో ఒకటి ఇప్పించాలండి. మా వీధిలో మామ్మగారు... ఆవిడకి నేను మాటిచ్చానండి."

"విషయం పరిశీలనలో ఉన్నది," అన్నారు కమిషనరు గారు. "పరిశీలన పూర్తయ్యే వరకు ఆవిడను సంయమనం పాటించమని చెప్పు."

చెప్పాడు. "పాటిస్తాలే," అంది మామ్మగారు. "వాళ్ళని కూడా కాస్త తొందరపడమను."

*

కొత్త స్టీరియో వచ్చింది. కౌన్సిల్ సమావేశంలో చైర్మన్ సోమేశ్వరరావు గారు దాన్ని అట్టపెట్టెలోంచి తీయించి బల్ల మీద పెట్టించారు. వెనకనుంచి రంగురంగుల తీగలు జడకుచ్చుల్లా వేలాడుతున్నాయి.

"ఇవేంటి?"

"తీగలండి," అన్నాడు ఎలక్ట్రికల్ ఇంజనీరు విద్యాధరం.

"తీగలని నాకూ తెలుసయ్యా. ఈ రంగులేంటంట? ఇదేమో పసుపు. ఇదేమో ఎరుపు. పసుపూ కుంకుమా తీసుకొచ్చి శవాన్ని మోసే బండిలో పెడతారా?"

కమిషనరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఈ కోణం ఇంతవరకు కార్యాలయం దృష్టికి రాలేదు."

"నా దృష్టికొచ్చింది కదా! ఊరికి అరిష్టం. విద్యాధరం గారూ, వీటికి ఈ రంగులే ఉండి తీరాలా?"

"సాంకేతికంగా చూస్తే విద్యుత్తు రంగు చూడదండి."

"మరైతే అన్నీ తెలుపు చెయ్యడానికి మీకేమన్నా అభ్యంతరమా?"

"విద్యుత్తుకి లేని అభ్యంతరం నాకెందుకండీ."

గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మిరాజు ఉండబట్టలేకపోయాడు. "తప్పుగా అనుకోకండి. ముత్తైదువ పోతే పసుపూ కుంకం పెట్టే కదండీ పంపుతాం. మనిషికి లేని దోషం తీగకుంటుందాండి?"

చైర్మన్ గారు కోప్పడలేదు. గడ్డం నిమురుకుని ఆలోచించారు. అదే ప్రమాదమైంది.

"వీడు చెప్పిందాంట్లోనూ పాయింటుంది. ముత్తైదువలకి రంగు తీగలూ, తక్కిన వాళ్ళకి తెల్ల తీగలూ పెడితే?"

విద్యాధరం గాభరాపడ్డాడు. "ప్రతిసారీ మార్చాలంటే, పోయేవారు ముందుగా మాకు రాతపూర్వకంగా తెలియపరచాలండి."

"ఆచరణలో కష్టం," అన్నారు కమిషనరు గారు. "పోయేవారు సహకరించరు."

అందువల్ల అందరికీ తెలుపే ఖాయమైంది. తెలుపు శాంతికి గుర్తు కాబట్టి, స్టీరియో నుండి బయలుదేరు తీగలన్నియు తెల్లవి మాత్రమే అయి ఉండవలెనని తీర్మానించారు. ఎర్త్ తీగ ఒక్కటీ నల్లగా ఉంది. నలుపు సంతాప సూచకం కాబట్టి దాన్ని అలాగే ఉండనిచ్చారు. తరవాత స్టీరియో కాలిపోకుండా మిగిలిందంటే ఆ ఒక్క మినహాయింపు చలవే.

*

బస్టాండు ఎదురుగా కార్లకు సీటు కవర్లూ స్టీరియోలూ బిగించే మస్తాన్ కొట్టుకి రథాన్ని తాడు కట్టి లాక్కెళ్ళారు. ఇంజిను బాగానే ఉంది గానీ, ధ్వని లేనిదే కదలరాదు కదా. లాగితే కదిలినట్టా కదలనట్టా అనే ప్రశ్న వచ్చింది. లాగినది ట్రాక్టరు గనుక కదిలినది ట్రాక్టరేనని కమిషనరు గారు తేల్చారు.

తీర్మానం విని మస్తాన్ తల గోక్కున్నాడు. "రంగులు చూసే కదన్నా మేం పన్జేసేది! ఈ పసుపుది నేరుగా బ్యాటరీకెళ్ళాల. బండి ఆపేసినా దీన్లో కొంచెం కరెంటు పారతా ఉంటేనే, ఏ పాట కాడ ఆపిందీ, సౌండెంత పెట్టిందీ దానికి గుర్తుంటది. ఈ ఎర్రది తాళానికి. తాళం తిప్పితే నిద్ర లేస్తది. రెండూ తెల్లగా చేసేస్తే గుర్తుండేదేదో, నిద్ర లేచేదేదో నాకెట్టా తెలస్తది?"

"రంగు కత్తిరించే ముందు గుర్తుపెట్టుకో," అన్నాడు విద్యాధరం.

"ఒకదానికి చిన్న ముడేసుకుంటా సార్."

"ముడి గురించి తీర్మానంలో లేదు."

మస్తాన్ రంగు తీగల్ని మొదలంటా కత్తిరించి, పురపాలక సంఘం స్టోర్సు నుంచి వచ్చిన తెల్ల తీగలు అతికాడు. స్పీకర్లవి, ఏరియల్‌ది, బ్యాటరీది, తాళానిది అన్నీ ఒకే తెలుపు. డాష్‌బోర్డు వెనక సేమియా గిన్నె బోర్లించినట్టుంది. ఇంతలో ఎవరో సీటు కవర్ల బేరానికొచ్చి మస్తాన్‌ని పిలిచారు. తిరిగొచ్చి, చేతిలో మిగిలిన రెండు తెల్ల తీగల్ని చాలాసేపు చూశాడు.

"ఇది బ్యాటరీది... అనుకుంటా సార్."

"రెండింట్లో ఒకటి కదా?" అన్నాడు విద్యాధరం. "సగానికి సగం అవకాశం ఉంది. మన శాఖలో అది మంచి శాతమే. కలిపెయ్."

కలిపి తాళం తిప్పారు. స్టీరియో వెలిగింది. మస్తాన్ పెన్‌డ్రైవ్ పెట్టి మీటలు నొక్కి సన్నగా సవరించగానే గోవింద నామాలు మంచి గంధంలా పరుచుకున్నాయి. అమ్మిరాజు కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. విద్యాధరం వెంటనే స్టీరియోని ఇనప పెట్టెలో బిగించి, తీగలున్న వెనకవైపు లక్కముద్ర వేశాడు. ముందువైపు జాలీ తలుపు పెట్టి తాళం వేశాడు. డ్రైవరు పరికరాన్ని తాకరాదని నిబంధన.

మస్తాన్ కొట్టు నుంచి పురపాలక సంఘం ఆవరణ దాకా రథం గోవిందుణ్ణి తలుచుకుంటూ వెళ్ళింది. అక్కడ అమ్మిరాజు బండి ఆపాడు. మర్నాడు పొద్దున్నే అగరొత్తి వెలిగించి తాళం తిప్పాడు.

"వెల్‌కమ్!" అని ఒక ఆడపిల్ల గొంతు ఉత్సాహంగా కేకేసింది. ఆ వెంటనే డప్పులు మోగాయి. తరవాత ఎఫ్‌ఎం రేడియో అందుకుంది. ఆవరణలో పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

మస్తాన్ వచ్చి చూసి నాలిక కరుచుకున్నాడు. "తప్పయిపోయింది సార్. ఆ రెండూ అటూ ఇటూ అయినాయి. తాళం తీసినప్పుడల్లా దీనికి మతి పోతాంది. మళ్ళా తిప్పినప్పుడు అప్పుడే పుట్టినట్టు లేస్తాంది. ముద్ర ఇప్పితే టీ తాగే లోపల మార్చేస్తా."

విద్యాధరం అదోలా చూశాడు. "ముద్ర విప్పాలంటే పనిలో లోపం ఉందని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే బాధ్యులెవరో తేల్చాలి. తేలిస్తే నేనే తేలతాను. నా మీద నేను చర్య తీసుకునే అధికారం నాకు లేదు."

కమిషనరు గారు ఆలోచించి పరిష్కారం కనిపెట్టారు. తాళం తీసినప్పుడే కదా స్టీరియోకి మతి పోయేది? తాళం తీయకుండా ఉంటే సరి. జాలీ తలుపు ఒక్కసారి తెరిపించి, గోవింద నామాలు పెట్టించి, మళ్ళీ మూయించారు. ఆ తలుపు తాళంచెవి ఆఫీసు బీరువాలోకి వెళ్ళింది. "ఇకమీదట వాహనము యొక్క ఇంజిను ఎట్టి పరిస్థితులలోను ఆపరాదు" అని ఉత్తర్వు వెలువడింది.

ఇంజిను ఎవరూ ఆపకుండా కావలికి వాచ్‌మెన్లను వంతుల ప్రకారం వేశారు. పగలూ రాత్రీ రథం ఆవరణలో గురగురలాడుతూ గోవింద నామాలు పాడుతూనే ఉంది. ఆఫీసులో ఎవరో పెద్దవాళ్ళు పోయారనుకుని జనం దండలతో రాసాగారు. ఎవరికి వెయ్యాలో తెలియక ఒకాయన కమిషనరు గారి కుర్చీకి వేసి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడి వెళ్ళిపోయాడు.

*

ఇక రథం వీధిలోకి రావడమే తరువాయి అనుకున్నాడు అమ్మిరాజు. కాదట. కొత్త పరికరాన్ని వాహనం సేవలో ఉండగా పరీక్షించి, సంతృప్తికరమని రాస్తేనే వాహనాన్ని సేవకు అనుమతిస్తారు.

"సేవలో ఉండగా అంటే?" అడిగాడు అమ్మిరాజు.

"శవం ఉండగా," అన్నారు కమిషనరు గారు.

"మరి పరీక్ష అయితేనే గానీ శవాన్ని ఎక్కించకూడదంటున్నారు కదండీ?"

"పరీక్ష నిమిత్తం ఒక్క శవానికి మినహాయింపు ఇస్తాం."

ఆ వారం రేవుపాలెంలో ఎవరూ పోలేదు. ఆ పై వారమూ పోలేదు. కమిషనరు గారు ఆసుపత్రికి ఫోను చేసి పరిస్థితి కనుక్కున్నారు. అందరూ కోలుకుంటున్నారని చెప్పారు. "ప్రజల వైపు నుంచి సహకారం లోపించింది," అని ఆయన ఫోను పెట్టేశారు.

ఈలోగా మామ్మగారికి ఆయాసం ఎక్కువైంది. నాలుగు అడుగులు వేస్తే నిలబడిపోతోంది. అమ్మిరాజు రోజూ సాయంత్రం వెళ్ళి, ఆ రోజు ఆఫీసులో ఏం జరిగిందో చెప్పేవాడు. ఆవిడ నవ్వి, దగ్గి, మంచినీళ్ళు తాగేది. శవం సంగతి విన్న సాయంత్రం మాత్రం నవ్వలేదు.

"శవమే కావాలా? శవంలా పడుకుంటే చాలదూ?"

"మామ్మగారూ!"

లోపలి నుంచి కోడలు శేషుకుమారి పరుగెత్తుకొచ్చింది. "అశుభం, అశుభం! ఏం మాటలు అత్తయ్యా అవి?"

"నువ్వుండవే. పోయాక ఆ పాట వినబడుతుందో లేదో ఎవరు చూసొచ్చారు? ఇప్పుడైతే బాగుందో లేదో నోరు తెరిచి చెప్తాను. బట్టల కొట్లో చీర విప్పి చూసుకోమా? ఇదీ అంతే."

శేషుకుమారి ఏడిచింది. అమ్మిరాజు బతిమాలాడు. మామ్మగారు తలగడ ఎక్కడుందని అడిగింది.

కమిషనరు గారికి ఆలోచన నచ్చింది గానీ నిబంధనల్లో ఇమడ్చడానికి కొంచెం శ్రమపడ్డారు. చివరికి "శ్రీమతి మంగతాయమ్మ గారిని తాత్కాలిక ప్రాతిపదికన మృతురాలిగా పరిగణించడమైనది" అని రాశారు. శాశ్వత ప్రాతిపదిక మీద తరవాత చూసుకోవచ్చని విద్యాధరం అన్నాడు. "చూసుకుందాం నాయనా," అంది మామ్మగారు.

*

ముందు రథం, వెనక జీపులో కమిషనరు గారూ, చైర్మన్ గారూ, విద్యాధరమూ. అద్దాల మధ్య మామ్మగారు తెల్ల చీర కట్టుకుని, తలగడ మీద తల పెట్టుకుని, కళ్ళు మూసుకుని పడుకుంది. పక్కన మంచినీళ్ళ సీసా ఉంది. గోవింద నామాలు సన్నగా వినిపిస్తున్నాయి. ఆవిడ ముఖం చాలా తేటగా ఉంది.

వీధుల్లో జనం దండాలు పెట్టారు. మార్కెట్టు మలుపులో కూరగాయలమ్మే ఆవిడ నెత్తి బాదుకుంది.

"అయ్యో, మంగతాయమ్మగారా! నిన్ననే కదండీ పుచ్చు వంకాయలు అంటగట్టావని నన్ను ఆడిపోసుకున్నారు!"

పోయినావిడ ఒక కన్ను తెరిచి, "పుచ్చువే మరి," అంది. కూరగాయలావిడ అక్కడే కూలబడిపోయింది.

ఊరి చివర పెట్రోలు బంకు దగ్గరకొచ్చేసరికి డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. రాత్రనక పగలనక గురగురలాడిన బండిలో వాచ్‌మెన్లు డబ్బాలతో పోసిన డీజిల్ ఇంకెంత మిగులుతుంది? అమ్మిరాజు బంకులోకి తిప్పాడు.

"ఇంజిను ఆపండి," అన్నాడు బంకు మేనేజరు.

జీపులోంచి కమిషనరు గారు దిగారు. "ఆపరాదు. ఎట్టి పరిస్థితులలోను ఆపరాదని ఉత్తర్వు."

"ఇంజిను నడుస్తుంటే డీజిల్ కొట్టకూడదండి. అదిగో, బోర్డు చూడండి. మాదీ ఉత్తర్వే."

"మాది పురపాలక సంఘం ఉత్తర్వు."

"అంటుకుంటే మీ ఉత్తర్వు కూడా కాలిపోద్దండి."

ఇద్దరూ ఒకరి ఉత్తర్వు ఇంకొకరికి చదివి వినిపించుకున్నారు. ఎవరి ఉత్తర్వు పెద్దదో తేలకముందే ఇంజిను రెండుసార్లు దగ్గి తనంతట తానే ఆగిపోయింది. ఇదే సందని మేనేజరు చెయ్యి చాచి తాళం కూడా తీసేశాడు; గోవింద నామం సగంలో తెగింది. కమిషనరు గారు రథం వైపు చూసిన చూపు, చెప్పకుండా సెలవు పెట్టిన గుమాస్తా వైపు చూసే చూపు.

డీజిల్ కొట్టించి, ఇంజినులో చేరిన గాలిని పంపు నొక్కి తీసి, అమ్మిరాజు భయం భయంగా తాళం తిప్పాడు.

"వెల్‌కమ్!"

డప్పులు మోగాయి. ఎఫ్‌ఎం బంకు రేకులు అదిరేలా అందుకుంది. చీరల కొట్టు ప్రకటన. "రండి! రండి! ఈ అవకాశం మళ్ళీ రాదు! ఒకరు వస్తే ఇంకొకరికి పూర్తిగా ఉచితం! ఇంటిల్లిపాదీ తరలిరండి!"

వైకుంఠ రథంలోంచి ఆ ఆహ్వానం విని క్యూలో ఉన్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. అప్పుడే అద్దాల మధ్య మామ్మగారు నిటారుగా లేచి కూర్చుంది. వాళ్ళు మళ్ళీ వెనక్కి వేసిన అడుగులు ఎవరూ లెక్కపెట్టలేదు. ఇద్దరు మోటారు సైకిళ్ళు వదిలేసి పొలాల్లోకి పరుగెత్తారు.

"అమ్మిరాజూ! ఎవర్రా ఆ పిల్ల? నన్నెక్కడికి రమ్మంటోంది? ఇంటిల్లిపాదినీ తెమ్మంటుందేంటి? నోరు ముయ్యమను!"

"పెట్టెకి తాళం ఉందండి మామ్మగారూ! తాళంచెవి ఆఫీసులో ఉందండి!"

"అయితే బండి ఆపెయ్యి!"

"ఆపరాదు!" అని కమిషనరు గారు జీపు చాటునుంచి అరిచారు.

అమ్మిరాజు ఒకసారి కమిషనరు గారి వైపు చూశాడు. ఒకసారి అద్దంలోంచి మామ్మగారి వైపు చూశాడు. ఆవిడ చెవులు రెండూ మూసుకుని, ఎగశ్వాసతో ఊగిపోతోంది. అతను తాళం తీసేశాడు.

ఒక్కసారిగా నిశ్శబ్దం. మామ్మగారు సీసా ఎత్తి మంచినీళ్ళు తాగింది. కాసేపటికి ఊపిరి దారిలో పడింది.

"పాట ఏదిరా?"

"మతి పోయిందండి దానికి."

"నీకు పోలేదు కదా? నువ్వు అను."

అమ్మిరాజు గొంతు మంచి గొంతేమీ కాదు. పై స్థాయికి వెళితే చీలిపోతుంది. సిగ్గుపడుతూ, నేల వైపు చూస్తూ, సన్నగా మొదలుపెట్టాడు. రెండో నామానికి బంకు మేనేజరు గొంతు కలిపాడు. పారిపోయినవాళ్ళలో ఒకరిద్దరు గట్టు మీదనుంచే "గోవిందా" అన్నారు. మామ్మగారు తలగడ సర్దుకుని మళ్ళీ పడుకుంది.

"ఆఁ. ఇది బాగుంది. ఇదే ఖాయం," అంది. కొంచెం ఆగి అడిగింది, "ఇందాక ఆ పిల్ల మొదట ఒక మాటంది చూడు, 'వెల్‌కమ్' అని. దానర్థమేంటి?"

"దయచెయ్యండి అనండి."

మామ్మగారు ఆలోచించింది. "ఆ మాట బాగానే ఉంది. అదొక్కటీ ఉండనియ్యి. తక్కింది నువ్వు చూసుకో."

*

విద్యాధరం పరీక్షా ఫలితం రాసి సమర్పించాడు. "పరికరము యొక్క ధ్వని స్పష్టముగా ఉన్నది. శవము లేచి కూర్చున్నది. పని సంతృప్తికరము." పని సంతృప్తికరం కాబట్టి ముద్ర విప్పనక్కర్లేదు. ముద్ర విప్పనక్కర్లేదు కాబట్టి తీగలు మార్చనక్కర్లేదు. తీగలు మార్చలేదు కాబట్టి పాట రాదు. పాట రాదు కాబట్టి రథం కదలదు.

"డ్రైవరు పాడితే సరిపోతుందా అని మంగతాయమ్మ గారు అడుగుతున్నారు," అని కమిషనరు గారు విషయం కౌన్సిల్ ముందు పెట్టారు. "తీర్మానంలో ధ్వని అని మాత్రమే ఉన్నది. దేని ధ్వని అన్నది లేదు."

"గొంతు కూడా ధ్వని పరికరమేనండి," అన్నాడు విద్యాధరం హుషారుగా. "బ్యాటరీ కూడా అక్కర్లేదు."

అందరూ తల ఊపారు. చైర్మన్ గారు మాత్రం ఊపలేదు. చాలాసేపు అమ్మిరాజు మెడవైపే చూశారు.

"గొంతు లోపల ఏ రంగులో ఉంటుంది?"

విద్యాధరం టార్చిలైటు తెప్పించాడు. అమ్మిరాజు నోరు తెరిచాడు. కౌన్సిల్ సభ్యులు వరసగా వచ్చి చూసి వెళ్ళారు.

"ఎరుపేనండి," అన్నాడు విద్యాధరం నీరసంగా.

"కొండనాలుక?"

"అదీ ఎరుపేనండి."

అమ్మిరాజు నోరు మూసుకుని, మళ్ళీ తెరిచాడు. "పుట్టించినవాడే ఎర్రగా పెట్టాడు కదండీ. ఆయన పేరే కదండీ దాంతో అనేది. ఆయనకి లేని పట్టింపు మనకెందుకండీ?"

"ఆయన మన పరిధిలోకి రాడు," అన్నారు కమిషనరు గారు.

చైర్మన్ గారు చెడ్డమనిషి కాదు. పైగా బంకు దగ్గర జీపులోంచి అంతా చూశారు, సన్నగా ఒకటి రెండుసార్లు గోవిందా అని కూడా అన్నారు. ఆలోచించి ఆయనే దారి చూపించారు. "పాలు తాగితే నోరంతా తెల్లగా అవుతుంది కదా?"

విద్యాధరం సాంకేతికంగా సరేనన్నాడు. ప్రతి సేవకు ముందు డ్రైవరు విధిగా ఒక గ్లాసు పాలు సేవించి, గొంతును తెల్లపరచుకొని, తదుపరి నామస్మరణ చేయవలెనని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఇక స్టీరియోతో ఎవరికీ పని లేదు కాబట్టి, జాలీ తలుపు తాళంచెవి అమ్మిరాజు చేతికిచ్చారు.

*

కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున మామ్మగారు నిద్రలోనే వెళ్ళిపోయింది. ఈసారి శాశ్వత ప్రాతిపదికన.

అమ్మిరాజు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, రథాన్ని వాకిట్లోకి తెచ్చాడు. జాలీ తలుపు తాళం తీసి ఉంచాడు. మామ్మగారిని లోపల పడుకోబెట్టారు. ఆ తలగడే పెట్టారు. అతను డ్రైవరు సీటులోకి ఎక్కబోతుంటే శేషుకుమారి గుమ్మంలోంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. చేతిలో పాల గ్లాసుంది. తమ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించకూడదు, పక్కింట్లో కాయించి తెచ్చింది.

"తాగు అన్నయ్యా. రాత్రే చెప్పింది నాతో. 'వాడు ఏడుపులో పడి పాలు మరిచిపోతాడే. ఆఫీసువాళ్ళు బండి ఆపేస్తారు. నాకు ఆలస్యమైపోతుంది, గుర్తుచెయ్యి' అని."

అమ్మిరాజు గ్లాసు అందుకున్నాడు. పాలు తాగి, మూతి తుడుచుకుని, అగరొత్తి వెలిగించి తాళం తిప్పాడు.

"వెల్‌కమ్!" అంది స్టీరియో ఉత్సాహంగా.

వాకిట్లో ఉన్నవాళ్ళలో ఎవరూ ఉలిక్కిపడలేదు. శేషుకుమారి చేతులు జోడించింది. డప్పులు మొదలయ్యే లోపలే అమ్మిరాజు మీట నొక్కి దాన్ని ఆపేశాడు. గొంతు సవరించుకున్నాడు. ఇచ్చిన మాట ప్రకారం, చాలా సన్నగా, "గోవిందా" అన్నాడు.

రథం కదిలింది. మలుపు తిరిగేటప్పుడు అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూశాడు. మామ్మగారు ఈసారి లేచి కూర్చోలేదు. అంటే సౌండు సరిపోయిందన్నమాట.